టీకా రోజున పెదవి ఎత్తి చూడటం: పసిపిల్లల పళ్ళు, ప్రాథమిక వైద్యం

పాలపళ్ళు మొత్తం ఇరవై. కింది దవడలో ముందు పళ్ళు రెండు ఆరో నెల అటూ ఇటుగా చిగురు చీల్చుకుని బయటికి వస్తాయి. రెండున్నరేళ్ళు నిండేసరికి ఇరవై పళ్ళూ వరుసలో నిలుస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకే ఊడటం మొదలవుతుంది గాని, వెనక దవడ పళ్ళు పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా నోట్లోనే ఉంటాయి. బిడ్డ అన్నం నమలడం నేర్చుకుని, మాటలు నేర్చుకుని, బడిలో చేరి, అయిదో తరగతి గట్టెక్కేదాకా ఆధారం ఈ పాలపళ్ళే. "ఎలాగూ ఊడిపోయేవే కదా" అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. అయినా తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఆ మాటే చెల్లుబాటవుతోంది. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని కంగారుపడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అవే పై పళ్ళ మొదట్లో, ఏడాది తిరిగేసరికి, సున్నం గీసినట్టు తెల్లటి చార పడితే చూసేవాళ్ళు అరుదు. నిజంగా కంగారుపడవలసింది ఆ చార చూసి.

ఆరేళ్ళలోపు బిడ్డకు ఒక్క పాలపన్ను పుచ్చినా, పుచ్చినందువల్ల తీయించినా, సిమెంటు పెట్టించినా దాన్ని పసితనపు పిప్పిపళ్ళ జబ్బుగా వైద్యశాస్త్రం లెక్కిస్తుంది. మూడేళ్ళు నిండకముందే పన్ను నున్నటి వైపున మచ్చ కనిపిస్తే అది తీవ్రమైన రకం కిందికే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 51.4 కోట్ల మంది పిల్లల పాలపళ్ళు పుచ్చి ఉన్నాయి. మన దేశంలో భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపిన జాతీయ సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి పిప్పిపళ్ళు ఉన్నట్టు తేలింది. అంగన్‌వాడీలో వరుసగా కూర్చున్న పిల్లల్లో ఒకరిని విడిచి ఒకరికి అన్నమాట. ఇంత విరివిగా కనిపించే జబ్బు పసితనంలో మరొకటి వెతికి పట్టుకోవడం కష్టం. విరివిగా కనిపించడం వల్లే అది జబ్బుగా కనిపించకుండా పోయింది.

"పన్నుకు పురుగు పట్టింది" అంటారు గాని పన్నులో పురుగేదీ ఉండదు. పన్ను మీద పేరుకునే పాచిలో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటుంది. అందులో ప్రధానమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. తీపి గాని, మెత్తని పిండి పదార్థం గాని తగలగానే అది పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తుంది. పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే పన్ను పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోవడం మొదలవుతుంది. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుందని, మళ్ళీ కుదుటపడటానికి అరగంట నుంచి గంట పడుతుందని రాబర్ట్ స్టీఫన్ 1940లలో కొలిచి చూపించాడు. ఆ అరగంటలో ఉమ్మి ఊరి ఆమ్లాన్ని పలచబరుస్తుంది, పోయిన ఖనిజాన్ని తిరిగి పన్నుకు అందిస్తుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా మళ్ళీ తీపి పెడితే పన్ను కోలుకునే వీలే ఉండదు. కాబట్టి బిడ్డ ఎంత తీపి తిన్నదన్నది ఎంత ముఖ్యమో, రోజులో ఎన్నిసార్లు తిన్నదన్నది అంతకంటే ముఖ్యం. స్వీడన్‌లోని వీపెహోల్మ్ మానసిక చికిత్సాలయంలో 1945 నుంచి 1953 దాకా జరిగిన పరిశోధన ఈ విషయాన్నే రుజువు చేసింది. నోరులేని రోగులకు కావాలని తీపి తినిపించి పళ్ళు పాడుచేసిన ఆ ప్రయోగం క్షమించరానిది. అది నేర్పిన పాఠం మాత్రం అందరికీ అక్కరకొచ్చేది. పండగనాడు విస్తట్లో భోజనంతోపాటు తిన్న బూరె కంటే, మధ్యాహ్నమంతా చేతిలో పట్టుకుని చప్పరించిన బిస్కెట్టు పన్నుకు ఎక్కువ చేటు చేస్తుంది.

నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. పంచదార కలిపిన పాలడబ్బా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు ఆ పాలు పై పళ్ళ చుట్టూ గంటల తరబడి మడుగు కట్టి ఉంటాయి. కింది ముందు పళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది, ఉమ్మి ఊరే చోటు కూడా వాటి పక్కనే ఉంది. అందుకే ఈ జబ్బు నోట్లో ఒక ఆనవాలు వదిలిపెడుతుంది: పై ముందు పళ్ళు నాలుగూ కరిగిపోయి మొదళ్ళు మిగులుతాయి, ఆ తరువాత దవడ పళ్ళు పుచ్చుతాయి, కింది ముందు పళ్ళు మాత్రం ముత్యాల్లా ఉంటాయి. పాలపన్ను ఎనామిల్ శాశ్వత దంతపు ఎనామిల్ మందంలో దాదాపు సగమే ఉంటుంది. తెల్ల చార గుంటగా మారడానికి కొన్ని నెలలు చాలు. తెల్ల చార దశలో పట్టుకుంటే పన్నును వెనక్కి మళ్ళించవచ్చు. గుంట పడ్డాక మళ్ళించలేరు, పూడ్చాలి.

గుంట పడిన పన్ను వల్ల పోయేదేమిటో ఇంట్లోవాళ్ళకు వెంటనే తెలియదు. రెండేళ్ళ బిడ్డ "పన్ను నొప్పి" అని చెప్పదు. ముద్ద ఒక దవడనే నములుతుంది, మెత్తటివి మాత్రమే తింటుంది, చల్లనీళ్ళు వద్దంటుంది, రాత్రి లేచి ఏడుస్తుంది. "అన్నం తినదు, మొండి" అన్న పేరు పడుతుంది. బరువు చీటీలో గీత కిందికి దిగుతుంది. తీవ్రంగా పళ్ళు పుచ్చిన పిల్లలు ఈడు పిల్లల కంటే బరువు తక్కువగా ఉండటం, వైద్యం జరిగాక మళ్ళీ పుంజుకోవడం పరిశోధనల్లో కనిపించింది. పాలపన్ను వేరు కింద చీము పట్టితే దాని అడుగున తయారవుతున్న శాశ్వత దంతపు ఎనామిల్ దెబ్బతిని మచ్చతోనో గుంటతోనో వస్తుంది. దవడ పాలపన్ను ముందే తీసేస్తే పక్క పళ్ళు ఒరిగి, రావలసిన పన్నుకు చోటు లేక వంకరగా వస్తుంది. చీము ముఖానికి, మెడకు పాకి బిడ్డను ఆస్పత్రిలో చేర్చవలసి రావడం పిల్లల వార్డుల్లో పనిచేసేవాళ్ళందరూ చూసినదే. 2007లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో పన్నెండేళ్ళ బాలుడొకడు పన్ను చీము మెదడుకు పాకి చనిపోయాడు. సకాలంలో ఆ ఒక్క పన్ను తీసి ఉంటే ఆ ప్రాణం నిలిచేది.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జబ్బును మొదట్లో పట్టుకోగలిగినవారు పళ్ళ డాక్టర్లు కారు. దేశంలో మూడు వందలకు పైగా దంతవైద్య కళాశాలలు ఉన్నాయి, డాక్టర్లకు కొదవ లేదు. కాని ఏడాది బిడ్డను పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? మొదటి పుట్టినరోజులోపే ఒకసారి చూపించాలని పిల్లల దంతవైద్యుల సంఘాలు చెబుతున్నా, తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది పిల్లలు మొదటిసారి దంతవైద్యుడి కుర్చీ ఎక్కేది నొప్పికి తాళలేని రోజునే. అదే బిడ్డను రెండేళ్ళు నిండేలోపు పిల్లల డాక్టరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారో, ఏఎన్‌ఎమ్మో ఎన్నోసార్లు చేత్తో పట్టుకుని చూస్తారు. బరువు తూస్తారు, తొడకు సూది వేస్తారు, గుండె వింటారు. పెదవి మాత్రం ఎత్తరు. ఆ ఒక్క పని వాళ్ళ పనిలో చేరితే ఈ జబ్బు చరిత్ర మారుతుంది.

జాతీయ టీకా పట్టికను పళ్ళు వచ్చే క్రమం పక్కన పెట్టి చూస్తే ఆ రెండూ ఒకదానికొకటి ఎంత చక్కగా కలిసివస్తాయో తెలుస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలప్పుడు నోట్లో పళ్ళు లేవు. అది తల్లితో మాట్లాడే సమయం. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకాకు వచ్చే బిడ్డకు కింది ముందు పళ్ళు వచ్చి ఉంటాయి, పైవి తొంగిచూస్తుంటాయి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య బూస్టరు వేసేనాటికి మొదటి దవడ పళ్ళు కూడా వచ్చేస్తాయి. తెల్ల చార మొదలయ్యే కాలం ఇదే. ఈ పట్టికలో అంతగా ఎవరి కంటా పడని మరో అవకాశం ఉంది. విటమిన్ ఎ ద్రావణం తొమ్మిదో నెలలో మొదలై, రెండో మోతాదు నుంచి ఆరేసి నెలలకొకసారి అయిదేళ్ళ దాకా మొత్తం తొమ్మిది మోతాదులు ఇస్తారు. దాన్ని తాగించడానికి బిడ్డ నోరు ఎలాగూ తెరవాలి. చెంచా నోట్లో పెట్టే ముందు పెదవి ఎత్తి చూడటానికి పట్టేది అర నిమిషం. ఆ తొమ్మిది సందర్భాలూ పళ్ళ పరీక్ష సందర్భాలు కావచ్చు. కొత్త కార్యక్రమం, కొత్త వాహనం, కొత్త ఉద్యోగం ఏదీ అక్కర్లేదు.

పసిబిడ్డ నోరు చూడటానికి మంచి పద్ధతి ఒకటి ఉంది. తల్లి, చూసేవారు రెండు కుర్చీల్లో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ మొదట తల్లి ఒళ్ళో, తల్లి ముఖం చూస్తూ, కాళ్ళు ఆమె నడుముకు చెరోపక్క వేసి కూర్చుంటుంది. తరువాత మెల్లగా వెనక్కి వాలిస్తే తల చూసేవారి ఒళ్ళోకి వస్తుంది. తల్లి బిడ్డ చేతులు పట్టుకుని కబుర్లు చెబుతూ ఉంటుంది. చాలామంది పిల్లలు ఏడుస్తారు. ఏడ్చినా నష్టం లేదు, నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, తల్లి ముఖం కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి భయం మిగలదు. చూపుడు వేలితో పై పెదవి ఎత్తి, దూదితోనో గుడ్డ ముక్కతోనో పళ్ళ మీది తడి తుడవాలి. ఈ తుడవడం తప్పనిసరి. తడి పన్ను మీద తెల్ల మచ్చ కనబడదు, ఆరిన పన్ను మీదే సున్నంలా మెరుపు లేకుండా తేలుతుంది. చిగురు అంచు వెంబడి వంపుగా పోయే చార పిప్పి మొదలు. గోధుమ రంగులోకి మారి అంచు చెదిరితే అది గుంట. పైపళ్ళ వెనక వైపు కూడా చూడాలి. పాలడబ్బా జబ్బు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఆ తరువాత దవడ పళ్ళ గాడులు, చిగుళ్ళ మీద చీము గుల్లలు. చూసినది తల్లికి చూపించాలి. తన బిడ్డ పన్ను మీది తెల్ల చారను తన కళ్ళతో చూసిన తల్లికి ఆ తరువాత పెద్దగా నచ్చజెప్పవలసిన పని ఉండదు.

నల్ల మచ్చలన్నీ పిప్పి కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. దానివల్ల పళ్ళ మీద నల్లటి పూత పడుతుంది. ఆ పూత గట్టిగా, నున్నగా ఉంటుంది, గీకితే పోతుంది, పన్నుకు హాని చేయదు. "మందు పళ్ళు పాడుచేసింది" అని తల్లి సిరప్ ఆపేస్తే రక్తహీనత మిగులుతుంది. నాలుక మీద వెనకగా వేసి వెంటనే నీళ్ళు పట్టిస్తే చాలు. తీపి సిరప్‌ల సంగతి వేరు. దగ్గు మందు, యాంటీబయాటిక్, జ్వరం మందు చాలావాటిలో పంచదార ఉంటుంది. ఉబ్బసం, మూర్ఛ లాంటి జబ్బులకు నెలల తరబడి మందు వాడే పిల్లలకు అది రోజూ తాకుతూనే ఉంటుంది. అలాంటి బిడ్డకు మందు రాసే చేయి పళ్ళ గురించి కూడా ఒక్క మాట రాయాలి.

పళ్ళు వచ్చే రోజుల్లో బిడ్డకు విరేచనాలు, జ్వరం పట్టుకుంటే "పళ్ళు వస్తున్నాయి, మామూలే" అని ఊరుకోవడం మరో ప్రమాదం. చొంగ కారడం, చిరాకు, దొరికినదాన్నల్లా కొరకడం పళ్ళు రావడంతో ముడిపడినవే. పెద్ద జ్వరం, నీళ్ళ విరేచనాలు మాత్రం కావు. ఆ వయసులో బిడ్డ నేల మీద పాకుతూ చేతికందినదాన్నల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంటుంది, పైపాలు, పై తిండి మొదలవుతాయి. విరేచనాలకు కారణం అక్కడ ఉంది. పన్ను మీద నెపం వేసి ఓఆర్‌ఎస్ ఆలస్యం చేసిన ఇళ్ళలో బిడ్డలు నీరసించి ఆస్పత్రికి చేరతారు. చిగుళ్ళ మీద రాసే బెంజోకెయిన్ జెల్లులను రెండేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అవి రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలవు. శుభ్రమైన తడిగుడ్డ చల్లబరిచి కొరకనిస్తే ఉపశమనానికి అది చాలు.

మాట్లాడే తీరు గురించి కాస్త నిలిచి చెప్పుకోవాలి. "పాలడబ్బా మానెయ్యి, తీపి మానెయ్యి, రోజుకు రెండుసార్లు తోము" అని ఏకరువు పెడితే తల్లి తలూపి వెళ్ళిపోతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, సర్రే పట్టణంలో పంజాబీ కుటుంబాల తల్లుల మీద ఫిలిప్ వైన్‌స్టీన్ బృందం జరిపిన అధ్యయనం 2004లో వెలువడింది. అందులో పాల్గొన్నవారు ఆరు నుంచి పద్దెనిమిది నెలల పిల్లలున్న 240 మంది తల్లులు. సగం మందికి కరపత్రం, వీడియో మాత్రమే ఇచ్చారు. మిగతా సగం మందితో అదనంగా ఒకసారి కూర్చుని మాట్లాడారు: బిడ్డకు ఏం కావాలనుకుంటున్నారో అడిగారు, చేయదగిన పనులు ముందుంచి వాటిలో తమకు కుదిరేవి వాళ్ళనే ఎంచుకోనిచ్చారు, తరువాత ఫోన్లు చేసి కనుక్కున్నారు. ఏడాది గడిచాక కరపత్రాల పిల్లల్లో సగటున 1.91 చోట్ల కొత్త పిప్పి పడితే, మాట్లాడిన తల్లుల పిల్లల్లో 0.71 చోట్ల మాత్రమే పడింది. ఆ ఇళ్ళ అలవాట్లకూ తెలుగు ఇళ్ళ అలవాట్లకూ దూరం ఎక్కువ లేదు: అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇళ్ళు, పాలలో చక్కెర, ఏడ్చిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒక తీపి. టీకా గదిలో తల్లిని అడగదగ్గ ప్రశ్నలు మూడో నాలుగో ఉంటాయి. రాత్రి ఏం తాగి నిద్రపోతుంది? పాలలో పంచదార వేస్తారా? పగలు ఎన్నిసార్లు ఏదో ఒకటి తింటూ ఉంటుంది? పళ్ళు ఎవరు తోముతారు? జవాబులు విన్నాక ఒక్క మార్పు ఎంచుకోవాలి, ఈ నెలకు ఆ ఒక్కటే. పాలడబ్బా మాన్పించడం కష్టమైతే దానిలో పంచదార తగ్గిస్తూ, చివరికి నీళ్ళు పోసి ఇవ్వడం దాకా వారం వారం నడిపించవచ్చు. తొమ్మిది నెలల నుంచే గ్లాసుతో తాగించడం మొదలుపెట్టిన ఇళ్ళలో డబ్బా అంత పీడగా మారదు.

తల్లిపాల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. మొదటి ఏడాదిలో తల్లిపాలు పిప్పిని పెంచవు సరికదా, డబ్బా పాలతో పోలిస్తే కాపాడతాయి. ఏడాది దాటాక రాత్రంతా చన్ను నోట్లోనే ఉంచుకునే బిడ్డకు మాత్రం ప్రమాదం కొంత పెరుగుతుంది. దానికి విరుగుడు పాలు మాన్పించడం కాదు, పడుకోబోయే ముందు పళ్ళు తోమడం. రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాకు పళ్ళ పేరు చెప్పి అడ్డుతగలకూడదు. గోరుముద్దల విషయంలోనూ అంతే. తల్లి నోటి బ్యాక్టీరియా బిడ్డకు చేరేమాట నిజమే. తల్లికి పిప్పిపళ్ళు ఎక్కువ ఉంటే బిడ్డకూ తొందరగా అంటుతుంది. అందుకు తల్లి పళ్ళు బాగుచేయించాలి గాని బిడ్డకు ముద్ద తినిపించే చేతిని నిందించకూడదు. గర్భిణిగా పరీక్షలకు వచ్చినప్పుడే ఆమె పళ్ళు చూసి పంపడం మేలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతోపాటు చక్కెర కూడా ఉంది. బరువు తక్కువ పిల్లలకు అది కావలసిన తిండి. దాన్ని ఒక పూట భోజనంలా కూర్చోబెట్టి తినిపించి, చివర నీళ్ళు తాగించాలి. గిన్నెలో పోసి చేతికిచ్చి రోజంతా తిననివ్వకూడదు.

పన్ను తొంగిచూసిన రోజు నుంచే తోమాలి. అంతకుముందు తడిగుడ్డతో చిగుళ్ళు తుడిస్తే సరిపోతుంది. బొగ్గు, కచ్చిక, ఉప్పు, గరుకు పళ్ళపొడి పలచని పాలపళ్ళను అరగదీస్తాయి. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. బ్రష్షు పొడవునా పేస్టు పరిచి చూపించే ప్రకటనలను పిల్లల విషయంలో నమ్మకూడదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదన్న నియమం ఉంది. పిల్లల పేస్టుల పేరుతో అమ్మే కొన్నింటిలో దానిలో సగమో, అసలు లేకుండానో ఉంటుంది. డబ్బా మీద చదివి కొనాలి. రాత్రి పడుకునేముందు తోమడం పొద్దున్న తోమడం కంటే ముఖ్యం, ఆ తరువాత నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు. తోమాక ఉమ్మేస్తే చాలు, పుక్కిలించి పేస్టంతా కడిగేయనక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తోమవలసింది పెద్దవాళ్ళే. మూడేళ్ళ పిల్ల బ్రష్షు పట్టుకుని అటూ ఇటూ కొరికితే అది ఆట, తోమడం కాదు.

టీకా గదిలోనే జరిగిపోగల చికిత్స ఫ్లోరైడ్ వార్నిష్. ఇది అయిదు శాతం సోడియం ఫ్లోరైడ్ కలిసిన జిగురు మందు. దాదాపు 22,600 పీపీఎం ఫ్లోరైడ్. పళ్ళు తుడిచి చిన్న కుంచెతో పలచగా పూస్తే ఉమ్మి తగలగానే గట్టిపడి పన్నుకు అంటుకుంటుంది. అంతా కలిపి రెండు నిమిషాల పని. పళ్ళు ఒక రోజు కాస్త పసుపుగా కనిపిస్తాయి. ఆ పూట గట్టి తిండి పెట్టకుండా, మర్నాటి దాకా తోమకుండా ఉంటే చాలు. నోటిపూత ఉన్నప్పుడు, గుగ్గిలం లాంటి జిగురు పడని పిల్లలకు పూయకూడదు. అమెరికాలో నివారణ సేవల కార్యదళం 2014లోనూ, తిరిగి 2021లోనూ పన్ను వచ్చిన నాటి నుంచి అయిదేళ్ళలోపు పిల్లలందరికీ ప్రాథమిక వైద్యులే దీన్ని పూయాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసుకు చాలాముందే ఉత్తర కరొలైనా రాష్ట్రం ఈ పనిలోకి దిగింది. పేదపిల్లల ఆరోగ్య బీమా కింద డాక్టరు, నర్సు పళ్ళు చూసి, తల్లితో మాట్లాడి, వార్నిష్ పూస్తే ఆ పనికి డబ్బు చెల్లించే పద్ధతి అక్కడ 2000 ప్రాంతంలో మొదలైంది. మూడున్నరేళ్ళలోపు ఆరుసార్ల దాకా చేయవచ్చు. నాలుగు, అంతకంటే ఎక్కువసార్లు ఈ సేవ పొందిన పిల్లల్లో ఆరేళ్ళు వచ్చేసరికి పిప్పిపళ్ళ చికిత్సలు దాదాపు 17 శాతం తగ్గినట్టు లెక్క తేలింది. ఒకటి రెండుసార్లు పూసిన పిల్లల్లో అంత లాభం కనబడలేదు. ఒకసారి శిబిరం పెట్టి ఫొటోలు దిగి వెళ్ళిపోయే తీరుకు ఇది జవాబు: పదేపదే రాకపోకలున్న చోటే ఈ మందు పనిచేస్తుంది, అలాంటి చోటు పిల్లల డాక్టరు గదే.

ఫ్లోరైడ్ అనగానే తెలుగు పాఠకులకు నల్లగొండ గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట గుర్తించబడింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం పల్లెల్లో, వంకరపోయిన ఎముకలు, మచ్చలు పడ్డ పళ్ళు చూసి రాశారు. అంత బాధ చూసిన నేల మీద ఫ్లోరైడ్ పేస్టు అంటే అనుమానం రావడం సహజం. దాన్ని కొట్టిపారేయకుండా లెక్కతో తీర్చాలి. 1000 పీపీఎం పేస్టు గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్టు గ్రాములో పదో వంతు, అంటే బిడ్డ మొత్తం మింగినా 0.1 మిల్లీగ్రాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్ళు ఒక లీటరు తాగితే 1.5 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, పదిహేను గింజల పేస్టుతో సమానం. నల్లగొండలో పళ్ళనూ ఎముకలనూ పాడుచేసింది బోరు నీళ్ళు, అదీ జీవితాంతం తాగినవి. తెలంగాణలో మిషన్ భగీరథ కింద కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చాక చాలా ఊళ్ళలో ఈ లెక్క మారింది. కాబట్టి ఫ్లోరైడ్ ఊళ్ళలో పనిచేసే డాక్టరు మొదట అడగవలసింది "ఏ నీళ్ళు తాగుతున్నారు" అని. ఇంకా బోరు నీళ్ళే తాగే ఇంటి బిడ్డకు పేస్టు విషయం స్థానిక దంతవైద్యుడిని అడిగి నిర్ణయించాలి, ఫ్లోరైడ్ చుక్కలు, మాత్రలు ఇవ్వనే ఇవ్వకూడదు. ఫ్లోరోసిస్ మచ్చలు రెండు వైపులా జతగా, పన్ను అడ్డంగా గీతల్లా పడతాయి. చిగురు అంచు వెంట వంపుగా పోయేది పిప్పి. రెండూ ఒకే నోట్లో ఉండవచ్చన్నది ఆ ప్రాంతపు డాక్టర్లకు తెలిసి ఉండాలి.

గుంట అప్పటికే పడి ఉంటే బిడ్డను పంపాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే జబ్బుల్లో పళ్ళ జబ్బు కూడా ఉంది. ఆ సంచార బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. చీటీ రాసి చేతిలో పెట్టడంతో పని అయిపోదు. ఆ కేంద్రంలో ఏ రోజు పిల్లల దంతవైద్యుడు ఉంటారో తల్లికి చెప్పాలి, ఆశా కార్యకర్త ఆ తేదీ గుర్తుచేయాలి. మత్తు ఇచ్చి చేసే చికిత్సకు అందుబాటు లేని ఊళ్ళకు రెండు సులువైన మార్గాలున్నాయి. టాంజానియాలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతిలో డ్రిల్లు, కరెంటు లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు తీసి గ్లాస్ అయానమర్ సిమెంటు పెట్టవచ్చు. మరొకటి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. 38 శాతం ద్రావణాన్ని గుంటలో పూస్తే పుచ్చు ఎదగడం ఆగుతుంది, నొప్పి ఉండదు, ఇంజెక్షన్ అక్కర్లేదు. పుచ్చిన భాగం మాత్రం శాశ్వతంగా నల్లబడుతుంది. ముందు పన్నుకు పూసేముందు తల్లికి నల్లబడిన పన్ను బొమ్మ చూపించి ఒప్పుకోలు తీసుకోవాలి. చెప్పకుండా పూస్తే ఊరంతా ఆ మందు మీద నమ్మకం పోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ద్రావణాన్నీ, గ్లాస్ అయానమర్ సిమెంటునూ, ఫ్లోరైడ్ పేస్టునూ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మందుల బీరువాలో వీటికి చోటు అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

చూసినది రాసిపెట్టడం కూడా వైద్యంలో భాగమే. మాతా శిశు రక్షణ కార్డు మీద టీకా తేదీ పక్కనే "పళ్ళు బాగున్నాయి", "తెల్ల చార", "గుంట, పంపాం" అని రెండు మాటలు రాస్తే ఆరు నెలల తరువాత చూసే చేతికి దారి దొరుకుతుంది. తెల్ల చార కనిపించిన బిడ్డను ఆరు నెలలు ఆగకుండా మూడు నెలలకే పిలవాలి. ఎంబీబీఎస్ చదువులో, ఏఎన్‌ఎం శిక్షణలో ఈ పరీక్ష చేయించి నేర్పడానికి ఒక పూట చాలు; పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకునేది కాదు ఇది, ఏడ్చే బిడ్డ నోట్లో నేర్చుకోవలసింది.

ఈ వరుసలో చివరి మజిలీ అయిదారేళ్ళ వయసులో వేసే డీపీటీ రెండో బూస్టరు. సరిగ్గా ఆ రోజుల్లోనే దవడ చివర, ఆఖరి పాలపన్ను వెనక, మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దానికి ముందు ఏ పన్నూ ఊడదు, అందుకే ఇంట్లోవాళ్ళు దాన్నీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చితే ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. ఆ పన్ను ఊడదు, మరొకటి రాదు. చిగురు పూర్తిగా తొలగకముందే దాని లోతైన గాడుల్లో తిండి ఇరుక్కుంటుంది. మిగతా వరుస కంటే లోతుగా ఉండటం వల్ల బ్రష్షు అక్కడికి చేరదు. బూస్టరు వేసిన చేయి ఆ బిడ్డ బుగ్గను పక్కకు లాగి, చివర తెల్లగా మొలిచిన ఆ పన్నును తల్లికి చూపించి, ఇది జీవితాంతం ఉండే పన్నని చెప్పి, బ్రష్షును అడ్డంగా పెట్టి దాన్ని ఎలా తోమాలో చేసి చూపించి, గాడులు పూడ్చే పూత వేయించడానికి పళ్ళ డాక్టరు పేరిట చీటీ రాసివ్వాలి.